బీకాం చదివి 12 ఏళ్లయింది: కమ్యూనిటీ కాలేజీలో ప్రోగ్రామింగ్ ఏ కోర్సుతో మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు: పల్నాటి పాఠకురాలు, ఫ్రిస్కో

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర ఒక ఊరు. ఇంటర్మీడియట్ సీఈసీ, ఆ తరువాత బీకాం చదివి, గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర రెండేళ్లు పద్దులు చూశాను. పెళ్లయి, బాబు పుట్టి, నాలుగేళ్ల కిందట, హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్4 వీసా మీద టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వచ్చాము. బాబు ఇప్పుడు రెండో తరగతి. ఇకనైనా ఒక పద్ధతి ప్రకారం కంప్యూటర్ సైన్స్ చదువుదామని కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో నడిచే స్థానిక ప్రభుత్వ కాలేజీ) కేటలాగు తెరిస్తే, మొదటి పేజీలోనే సందేహాలు మొదలయ్యాయి.

పేరు చూస్తే ఒకేలా కనిపించే కోర్సులు రెండున్నాయి. ఒకటి సీఓఎస్‌సీ 1436, ప్రోగ్రామింగ్ ఫండమెంటల్స్. రెండోది ఐటీఎస్ఈ అనే అక్షరాలతో మొదలయ్యే ప్రోగ్రామింగ్ కోర్సు. అది ఒక సర్టిఫికెట్‌లో భాగమట. రెండూ మొదటిసారి నేర్చుకునేవారికే అని రాసి ఉంది. నేను దేనిలో చేరాలి?

నా అసలు భయం లెక్కలు. సీఈసీ తీసుకున్నప్పటినుంచీ, అంటే పదో తరగతి పరీక్షల తరువాత, గణితం పుస్తకం పట్టుకోలేదు. పోయిన ఏడాది రెండుసార్లు ఉచిత వీడియో పాఠాలతో పైథాన్ మొదలుపెట్టాను. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్లే ఉంటుంది కానీ, దాన్ని ఆపి నా అంతట నేను నాలుగు వరుసలు రాయబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. రెండుసార్లూ, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్‌ల దగ్గరే ఆగిపోయాను. కాలేజీలో చేరినా ఇదే జరుగుతుందేమోనని దిగులుగా ఉంది. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే, వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1: సాయంత్రం క్లాసు, ప్లేనో

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి నన్ను చూసుకున్నట్లుంది. నాది వరంగల్‌లో బీజడ్‌సీ. వృక్షశాస్త్రం చదివినదానికి ప్రోగ్రామింగ్ ఎందుకని ఇంట్లోవాళ్లే అడిగారు. సీఓఎస్‌సీ 1436తో మొదలుపెట్టి, వరుసగా 1437, 2436 పూర్తి చేశాను. కోర్సు సంఖ్యల సంగతి నాకన్నా తెలిసినవారు చెబుతారు కాబట్టి, తరగతి ఎలా ఉంటుందో చెబుతాను.

సెమిస్టరు 16 వారాలు. నేను వారానికి రెండు సాయంత్రాలు వెళ్లేదాన్ని. పాఠం తరువాత అదే గదిలో ల్యాబ్ ఉండేది. మా తరగతి సీ++ భాషలో జరిగింది. కొన్ని కాలేజీల్లో ఇదే కోర్సును జావాలోనో పైథాన్‌లోనో చెబుతారు. మా తరగతిలో హైస్కూలు చదువుతూనే కాలేజీ క్రెడిట్ కోసం వచ్చిన పిల్లలు, సైన్యం నుంచి విరమించిన ఒక పెద్దాయన, పగలు గిడ్డంగిలో పనిచేసి వచ్చే ఇద్దరు యువకులు ఉండేవారు. వయసు గురించి ఎవరూ అడగలేదు.

నన్ను మలుపు తిప్పింది మూడో వారం ల్యాబ్. మూడు పరీక్షల మార్కులు తీసుకుని సగటు చూపించాలి. 85, 90, 91 ఇచ్చాను. మొత్తం 266, మూడుతో భాగిస్తే 88.67 రావాలి. నా ప్రోగ్రామ్ 88 అని చూపించింది. సగటును దాచే చలరాశిని పూర్ణాంకంగా ప్రకటించడం వల్ల దశాంశాలు పోయాయనుకుని, దాన్ని దశాంశ సంఖ్యలు పట్టే డబుల్ రకానికి మార్చాను. అప్పుడూ 88 అనే వచ్చింది. గంటసేపు ఎక్కడెక్కడో మారుస్తూ పోయాను. చివరికి మా అధ్యాపకురాలు పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడిగారు: "భాగహారం ముందు జరుగుతుందా, దాచడం ముందు జరుగుతుందా?" అప్పుడు వెలిగింది. మొత్తమూ పూర్ణాంకమే, మూడూ పూర్ణాంకమే. ఆ రెంటినీ భాగించినప్పుడే దశాంశ భాగం పోతుంది. ఆ తరువాత ఎంత పెద్ద పాత్రలో పోసినా పోయింది తిరిగి రాదు. మొత్తాన్ని ముందే డబుల్‌గా మార్చితే తెర మీద 88.6667 కనిపించింది. ఆ సంఖ్యను చూసి నేను పొందిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

వీడియో పాఠాల్లో ఇది దొరకదు. వీడియోలో చెప్పేవారు తప్పు చేయరు, చేసినా సరిదిద్దిన తరువాతే మనకు చూపిస్తారు. తరగతిలో తప్పు మనది, దాన్ని వెతకవలసింది మనమే. అందుకే మొదటి కోర్సు మాత్రం వీలైతే గదిలో కూర్చుని చదవండి. ఆన్‌లైన్‌లో 1437 చదివాను, ఇబ్బంది పడలేదు కానీ, 1436 కూడా అలాగే చదివి ఉంటే ఆ మూడో వారంలోనే మానేసేదాన్నని నా నమ్మకం.

సమాధానం 2: రాత్రిబడి మాస్టారు

అమ్మా, నేను పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఒక కమ్యూనిటీ కాలేజీలో ఈ తొలి కోర్సులే చెబుతాను. మొదలుపెట్టి 11 ఏళ్లయింది. మీరు అడిగినవాటిలో కోర్సు ఎంపికకు జవాబు సూటిగా ఉంది: సీఓఎస్‌సీ 1436లో చేరండి.

కారణం సంఖ్యల్లోనే ఉంది. టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీలన్నీ దాదాపు ఒకే కోర్సు సంఖ్యల పద్ధతిని పాటిస్తాయి. నాలుగంకెల్లో మొదటిది ఏ ఏడాది స్థాయి కోర్సో చెబుతుంది, రెండోది ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. కాబట్టి 1436 అంటే మొదటి ఏడాది స్థాయి, 4 క్రెడిట్లు. 2436 అంటే రెండో ఏడాది స్థాయి, 4 క్రెడిట్లు. సీఓఎస్‌సీ కోర్సులు విశ్వవిద్యాలయాలకు బదిలీ అయ్యే విద్యాపరమైన కోర్సుల రాష్ట్ర జాబితాలోవి. ఐటీఎస్ఈ కోర్సులు ఉద్యోగ శిక్షణ కోర్సుల జాబితాలోవి. అవి నాసిరకమని కాదు. ఇప్పటికే ఒక రంగంలో ఉండి, ఒక్క నైపుణ్యం వెంటనే కావలసినవారికి అవే మేలు. అయితే రేపు మీరు బ్యాచిలర్ డిగ్రీకి వెళ్లాలన్నా, మాస్టర్స్‌కు ముందు పునాది కోర్సులు చూపించాలన్నా, ఐటీఎస్ఈ క్రెడిట్లను విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకోకపోవచ్చు. మీ చేతిలో ఇప్పటికే బీకాం ఉంది కాబట్టి, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ మొత్తం చేయవలసిన అవసరం కూడా రాకపోవచ్చు. చేరబోయే విశ్వవిద్యాలయం ఏ పునాది కోర్సులు అడుగుతుందో ముందే చూసుకుని, వాటిని మాత్రమే ఇక్కడ తక్కువ ఖర్చుతో పూర్తిచేసేవారు మన తెలుగువాళ్లలో చాలామంది ఉన్నారు.

1436లో డేటా రకాలు, షరతులు, లూప్‌లు, ఫంక్షన్లు, అర్రేలు, రాసినదాన్ని పరీక్షించి తప్పులు పట్టడం ఉంటాయి. 1437లో క్లాసులు, ఆబ్జెక్టులు, వెతకడం, క్రమంలో పేర్చడం వస్తాయి. 2436లో లింక్డ్ లిస్టులు, స్టాక్‌లు, క్యూలు, ట్రీలు అనే, డేటాను అమర్చే పద్ధతులు. ఈ మూడూ మెట్లవంటివి. కిందిదానిలో కనీసం సీ గ్రేడు రానిదే పైదానిలో చేరనివ్వరు.

లెక్కల గురించి. 1436కు కావలసింది హెచ్చవేత, భాగహారం, శేషం, ఒక సంఖ్య మరొకదానికన్నా పెద్దదా చిన్నదా అన్న పోలిక. మీ పదో తరగతి గణితం సరిపోతుంది. అయితే చేరడానికి కాలేజీ ఏం అడుగుతుందనేది వేరే విషయం. టెక్సాస్‌లో కొత్తగా చేరేవారు చదవడం, రాయడం, గణితంలో టీఎస్ఐ అనే సంసిద్ధత పరీక్ష రాయాలి. మీ డిగ్రీ మార్కుల పత్రాలకు ఇక్కడి మూల్యాంకన నివేదిక తెప్పించి, దాని ఆధారంగా మినహాయింపు వర్తిస్తుందేమో సలహాదారును అడగండి. కంప్యూటర్ సైన్స్ డిగ్రీకే వెళ్లదలిస్తే మాత్రం కాలిక్యులస్ తప్పదు. కాలేజ్ ఆల్జీబ్రా 1314, ప్రీకాలిక్యులస్ 2412, కాలిక్యులస్ 2413 అనే వరుసలో, సెమిస్టరుకు ఒకటి చొప్పున పెట్టుకుంటే అందుకోలేనిదేమీ కాదు. ప్రోగ్రామింగ్ కోర్సును గణితం కోసం ఆపవద్దు. రెండూ పక్కపక్కన నడవనివ్వండి.

ఇక వీడియో ఆపగానే చెయ్యి ఆడకపోవడం. నేను ఏటా చూసే అసలు ఇబ్బంది ఇదే కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను. ప్రోగ్రామ్ రాయలేకపోవడానికి కారణం చాలాసార్లు ప్రోగ్రామ్ చదవలేకపోవడం. చదవడమంటే అర్థమైనట్లు తల ఊపడం కాదు. ఒక్కొక్క వరుసా యంత్రం చేసినట్లే చేసి, ఏ క్షణాన ఏ చలరాశిలో ఏ విలువ ఉందో కాగితం మీద రాయగలగడం. మీరు పద్దులు రాసినవారు కాబట్టి, అందరికన్నా మీకు ఇది తేలిక. నగదు చిట్టాలో ప్రతి లావాదేవీ పక్కనా నిల్వ ఎంతో వేస్తారు కదా. చలరాశి అంటే ఆ నిల్వ గడి. లూప్ ఒక చుట్టు తిరిగితే ఒక పద్దు పడినట్లు. నిల్వ మారిన ప్రతిసారీ కొత్త వరుసలో రాయాలి, మనసులో కూడేసుకుని చివరి సంఖ్య వేయకూడదు.

ఇదిగో, ఈ లెక్కను కంప్యూటర్ ముట్టకుండా చేసి చూడండి. "మొత్తం" అనే చలరాశిలో మొదట సున్నా ఉంది. "ఐ" అనేది 1 నుంచి 5 వరకు, 5తో సహా, ఒక్కొక్కటే పెరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ఐ సరిసంఖ్య అయితే మొత్తానికి ఐని కలపాలి. కాకపోతే మొత్తం నుంచి 1 తీసివేయాలి. లూప్ ముగిశాక మొత్తంలో ఎంత ఉంటుంది?

మరొక్క మాట, దీన్ని మనసులో పెట్టుకోవాలని కోరుకుంటున్నాను. మన ఇళ్లలో భర్తో, అన్నదమ్ములో, ఎవరో ఒకరు సాఫ్ట్‌వేర్‌లో ఉంటారు. అసైన్‌మెంట్ రాత్రి 11:59కి ఇవ్వాలి, పిల్లవాడికి జ్వరం, పదిన్నరకు ఆయన కూర్చుని పది నిమిషాల్లో రాసి ఇచ్చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఇక్కడి కాలేజీల్లో అది నకలు కిందికే వస్తుంది. ఊళ్లో ల్యాబ్ రికార్డు పక్కవారిది చూసి నింపినంత తేలికగా దాన్ని తీసుకోరు. సున్నా మార్కుల నుంచి కోర్సులో తప్పించడం వరకు చర్యలుంటాయి. కృత్రిమ మేధ సాధనాలు రాసి ఇచ్చిన కోడ్‌కూ, అధ్యాపకులు అనుమతించకపోతే, ఇదే వర్తిస్తుంది. శిక్ష సంగతి అలా ఉంచితే, ఆ పది నిమిషాల్లో పోయేది మీరు తప్పు వెతకవలసిన గంట. పై సమాధానంలో ఆ సోదరి 88 దగ్గర గడిపిన గంట అలాంటిదే. అసైన్‌మెంట్ సగమే పూర్తయినా, మీరు రాసిన సగాన్ని ఇవ్వండి. సగం రాసినదానికి సగం మార్కులు వేసే అధ్యాపకులే ఎక్కువ. నేనూ వేస్తాను. ఆరో వారంలో ఫంక్షన్లు వచ్చేటప్పటికి, సొంతంగా సగం సగం రాసినవారు నిలబడతారు, ఇతరులతో పూర్తిగా రాయించుకున్నవారు తరగతికి రావడం మానేస్తారు. ఇది 11 ఏళ్లుగా నా తరగతి గదిలో నేను చూసింది.

ఇంట్లో ఆయన సాయం చేయకూడదని కాదు. కీబోర్డు ఆయనకు ఇవ్వకుండా, మీ కాగితం చూపించి, "నేను ఈ వరుస దగ్గర నిల్వ ఇంత అనుకుంటున్నాను, సరేనా?" అని అడగండి. ఆ సాయానికి ఏ కాలేజీ అభ్యంతరం చెప్పదు.

సమాధానం 3: కౌంటీ గీత

చదువు గురించి పెద్దలు చెప్పారు కాబట్టి, నేను ఫీజు, వీసా వరకే రాస్తాను. మా ఇంట్లో ఈ రెండూ సరిగా తెలియక మొదటి సెమిస్టరుకు చాలా ఎక్కువ కట్టాము. ఆ పొరపాటు మాదే, కాగితాలు ఆలస్యంగా ఇచ్చాము.

హెచ్4 మీద ఉన్నవారు చదువుకోవడానికి ఎఫ్1 అనే విద్యార్థి వీసాకు మారనవసరం లేదు. ఒక కోర్సైనా, పూర్తికాలమైనా చదవవచ్చు. టెక్సాస్‌లో హెచ్4 వారు రాష్ట్ర నివాసులుగా గుర్తింపు కోరడానికి అర్హులే. ఇక్కడ 12 నెలలుగా స్థిరంగా నివసిస్తున్నట్లు కాగితాలు చూపాలి. అద్దె ఒప్పందంలో మీ పేరు కూడా ఉండేలా చూసుకోండి. మా ఇబ్బంది అక్కడే వచ్చింది, ఒప్పందం మా వారి ఒక్కరి పేరు మీదే ఉండేది.

రాష్ట్రం తరువాత కౌంటీ, అంటే మన జిల్లా వంటిది. కమ్యూనిటీ కాలేజీలు స్థానిక ఆస్తిపన్నుతో నడుస్తాయి కనుక, ఆ పన్ను కట్టే ప్రాంతంలో ఉండేవారికి ఫీజు అన్నిటికన్నా తక్కువ, టెక్సాస్‌లోనే వేరే కౌంటీవారికి కొంత ఎక్కువ, బయటివారికి ఇంకా ఎక్కువ. ఫ్రిస్కో నగరం కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. వీధి ఒకటే అనిపించినా కౌంటీ వేరు కావచ్చు. ఇల్లు మారే ఆలోచన ఉంటే అది కూడా చూసుకోండి.

డబ్బు వెనక్కి వచ్చే నియమం ముందే తెలుసుకోవడం మంచిది. 16 వారాల సెమిస్టరులో తరగతులు మొదలుకాకముందే మానుకుంటే ట్యూషన్ మొత్తం తిరిగి ఇస్తారు. మొదటి 15 తరగతి దినాల్లో 70 శాతం, 16 నుంచి 20వ దినం వరకు 25 శాతం, ఆ తరువాత ఏమీ రాదు. ఇక 12వ తరగతి దినాన్ని జనగణన దినమంటారు. ఆలోగా మానేస్తే ఆ కోర్సు మీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల పత్రంలో) కనిపించదు, దాటాక మానేస్తే, మధ్యలో వదిలేశారనే గుర్తుగా డబ్ల్యూ అని పడుతుంది. కోర్సు మీకు సరిపడదనిపిస్తే ఆ తేదీలోపే తేల్చుకోండి. ఇక్కడే హైస్కూలు ముగించి కాలేజీలో చేరే పిల్లలున్నవారు మరొకటి గమనించాలి. 2007 నుంచి ఈ రాష్ట్రంలో డిగ్రీ పూర్తయ్యేలోగా ఆరుకు మించి కోర్సులను అలా వదిలిపెట్టనివ్వరు.

చదువు ఖర్చుకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు హెచ్4 వారికి రాదు. అలాగే, హెచ్4 మీద పని అనుమతి పత్రం లేకుండా క్యాంపస్‌లో ట్యూటర్ ఉద్యోగం గానీ, జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్ గానీ చేయకూడదు. 2015 నుంచి, భర్తకు గానీ భార్యకు గానీ ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని పెట్టే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉంటే, హెచ్4 జీవిత భాగస్వామి ఆ పత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. చదువు ముగిశాక కాదు, మొదలుపెట్టేటప్పుడే దాని గురించి ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు: పల్నాటి పాఠకురాలు

ఇంత శ్రద్ధగా రాసిన మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మా ఇల్లు కాలిన్ కౌంటీ వైపే ఉంది. అద్దె ఒప్పందం తీసి చూస్తే ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మా వారికి ఐ-140 పోయిన ఏడాదే ఆమోదమైంది కానీ, పని అనుమతి పత్రం సంగతి మేము పట్టించుకోలేదు. ఈ వారమే వకీలుతో మాట్లాడతాము.

మాస్టారూ, మీరిచ్చిన లెక్క రాత్రి బాబు పడుకున్నాక చేశాను. మొదట 6 వచ్చింది. సరిసంఖ్యలు రెండూ నాలుగూ కూడేసి, బేసి చుట్టుల సంగతి వదిలేశానని తరువాత తెలిసింది. మీరన్నట్లే నగదు చిట్టాలాగా గీతలు గీసి, ఎడమవైపు ఐ, కుడివైపు నిల్వ వేశాను. 1 దగ్గర నిల్వ మైనస్ 1, 2 దగ్గర 1, 3 దగ్గర 0, 4 దగ్గర 4, 5 దగ్గర 3. కాబట్టి జవాబు 3 అనుకుంటున్నాను. లూప్ అనే మాట వింటే ఇన్నాళ్లూ ఏదో గిర్రున తిరుగుతున్నట్లు ఉండేది. ఐదు వరుసల పద్దుగా చూశాక, తిరగడం ఆగి ఒక్కొక్కటిగా కనిపించింది.

మంగళ, గురువారాల సాయంత్రం 1436 తరగతి ఉంది, దానికి పేరు ఇస్తున్నాను. ఆ రెండు రోజులు మా వారు తొందరగా ఇంటికి వస్తానన్నారు. ఒక్క సందేహం: తరగతి మొదలయ్యేవరకు ఉన్న ఆరు వారాల్లో పైథాన్ వీడియోలు మళ్లీ చూడాలా, సీ++ పుస్తకం ఏదైనా కొనాలా?

సమాధానం 4: రాత్రిబడి మాస్టారు

మూడే సరైన జవాబు, అమ్మా. 6 ఎలా వచ్చిందో మీరే పట్టుకున్నందుకు నాకు ఇంకా సంతోషంగా ఉంది.

ఇప్పుడే పుస్తకం కొనవద్దు. ఏ పుస్తకం కావాలో, ఏ భాషలో చెబుతారో సిలబస్‌లో ఉంటుంది, దాన్ని తరగతులకు ముందే కాలేజీ వెబ్‌సైటులో పెడతారు. చాలా తరగతుల్లో ఫీజుతోపాటు ఆన్‌లైన్ పుస్తకం కూడా వస్తుంది, రెండుసార్లు కొన్నట్లవుతుంది. వీడియోలు చూడదలిస్తే, మీరు ఆగిన లూప్‌ల పాఠం ఒక్కటి చాలు. దానిలోని ప్రతి ఉదాహరణనూ, తెర మీద జవాబు రాకముందే ఆపి, నిన్నటిలాగా పద్దు వేయండి.

ఆ ఆరు వారాలకు మొదటి లెక్క ఇది. నిన్నటిదాంట్లో "5 వరకు, 5తో సహా" అన్నచోట "5 కంటే తక్కువ ఉన్నంతవరకు" అని మార్చండి, మిగిలినదంతా అలాగే ఉంచండి. కొత్తగా చిట్టా గీయకుండా, పాత చిట్టాలో ఏ వరుస కొట్టేయాలో మాత్రం చెప్పండి.